పాట ఎక్కడ తెగింది?

మా తమ్ముడు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడంటే సాధారణంగా రెండే కారణాలు. ఎవరైనా పోయి ఉండాలి, లేదా మగ్గం మోటారు కాలిపోయి ఉండాలి. పోయిన మాఘమాసంలో ఒక రాత్రి వచ్చిన ఫోను ఈ రెంటికీ చెందలేదు.

"అన్నా, పోరడు పెండ్లిల పరువు తీసిండు. పాట నాలుగుసార్లు బందయింది. మిగిలిన పైసలు ఇయ్యం పో అంటున్నరు" అన్నాడు.

పోరడు అంటే వాడి కొడుకు. వయసు ఇరవై మూడు. బి.కాం. రెండో సంవత్సరంలో ఆపేశాడు. మా వంశంలో నా తరవాత రెండో కామర్సు పట్టభద్రుడు కావలసినవాడు. ఇప్పుడు వాడి వృత్తి, చెప్పడానికి ఏడాదిపాటు నాకు నోరు రాలేదు గాని, డీజే. పెళ్లిళ్లలో ల్యాప్‌టాప్ ముందు నిలబడి, ఒక పాట అయిపోకముందే ఇంకో పాటను దాని తాళంలో కలిపి, జనం కాళ్లు ఆగకుండా చూసేవాడు. పెద్దవయసు పాఠకుల కోసం ఈ వివరణ. మా వైపు ఆ పెద్ద స్పీకర్ల బండిని 'డాల్బీ' అంటారు. ఆ పేరు దానికి ఎలా అంటుకుందో ఆ కంపెనీవారు వింటే ఆశ్చర్యపోతారు.

మాది షోలాపూర్‌లో అశోక్ చౌక్. షోలాపూర్ అనగానే చాలామందికి దుప్పటి గుర్తుకొస్తుంది. 2005లో ఆ చద్దరుకు భౌగోళిక గుర్తింపు కూడా దొరికింది. ఆ దుప్పటి నేసిన చేతుల్లో ఎక్కువ భాగం తెలుగు చేతులని మాత్రం అందరికీ తెలియదు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు పెట్టారు. మా ముత్తాతలాంటి పద్మశాలీలు నిజాం రాజ్యపు తెలంగాణ పల్లెల నుంచి ఇటు తరలివచ్చారు. ఈనాటికీ మా గల్లీలో తిట్లు తెలుగులో, బేరాలు మరాఠీలో, సినిమా కబుర్లు హిందీలో జరుగుతాయి. బ్యాంకు ఉద్యోగం నన్ను పుణేకు తీసుకుపోయింది గాని, మగ్గాల చప్పుడు లేని చోట నాకు మొదటి రెండేళ్లు సరిగా నిద్రపట్టలేదు.

తమ్ముడికి ఇంటి వెనక కార్ఖానాలో ఆరు మరమగ్గాలు ఉండేవి. పోరడు ఈ సామాను కొంటానన్నప్పుడు అప్పుకు జామీను నిలబడమని తమ్ముడు నన్నే అడిగాడు. నేను నిలబడలేదు. ఇన్నేళ్ల అధికారి బుద్ధి కదా. ఆస్తి ఏముంది, ఆదాయం ఏముంది, మూడేళ్ల తరవాత ఈ డబ్బాలకు విలువేముంటుంది అని కాగితం మీద లెక్కవేసి చూపించి, వద్దన్నాను. వాడు ఒక్క మాట కూడా అనలేదు. రెండు మగ్గాలు అమ్మి కొడుక్కి ల్యాప్‌టాపూ కంట్రోలరూ కొనిచ్చాడు. ఆ దీపావళికి వెళ్లినప్పుడు కార్ఖానాలో రెండు మగ్గాలు ఉండే చోట నేలమీద నూనె మరకలు మాత్రమే కనిపించాయి. ఆ మరకల్ని తొక్కకుండా పక్కనుంచి నడిచాను.

అందుకే ఫోను పెట్టేశాక పడుకోలేకపోయాను. మర్నాడు రెండు రోజులు సెలవు రాసి, సాయంత్రం హుతాత్మ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. (1931 జనవరి 12న ఉరికంబం ఎక్కిన మా ఊరి నలుగురి జ్ఞాపకార్థం ఆ రైలుకు ఆ పేరు.) ఎనిమిది రోజుల్లో మా గల్లీలోనే ఇంకో పెళ్లి ఉంది. దానికి పోరడే బయానా తీసుకున్నాడు. అక్కడ కూడా పాట ఆగిందా, ఇక అశోక్ చౌక్‌లో వాడికి ఎవరూ విడెమివ్వరు. ఆ రెండు మగ్గాలూ ఎందుకూ కొరగాకుండా పోతాయి.

ఇల్లు చేరేసరికి పోరడు తలవంచుకుని కూర్చుని ఉన్నాడు. ఏం జరిగిందిరా అంటే వాడి జవాబు ఒకటే. "ల్యాప్‌టాపే ఖరాబున్నది పెద్దనాయినా. కొత్తది కొనాలె అన్నడు దుకాణపాయన." కొత్తదంటే అరవై వేలకు తక్కువ కాదు. అంటే ఇంకో మగ్గం.

ఏమేం చేసి చూశావు అని అడిగాను. చాలా చేశాడు పాపం. తీగ మార్చాడు. సాఫ్ట్‌వేరు తీసి మళ్లీ వేశాడు. ఎవరో చెప్పారని ఏవో అంకెలు పెంచాడు, ఇంకెవరో చెప్పారని తగ్గించాడు. అన్నీ ఒకే రోజు చేశాడు. దేనివల్ల ఏమైందో వాడికే తెలియదు.

ఇక్కడ నా చదువు పనికొచ్చింది. కంప్యూటరు గురించి నాకు తెలిసింది తక్కువే. నేను చేరిన కొత్తలో శాఖలో లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లుండేవి, వాటి ప్రింటర్లు మొరాయిస్తే వీపు తట్టేవాళ్లం. అయితే ట్రయల్ బ్యాలెన్సు కలవనప్పుడు తేడా ఎలా వెతకాలో నాకు బాగా తెలుసు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. తేడాలో సగం మొత్తం ఎక్కడైనా కనబడితే జమ చేయవలసింది ఖర్చులో పడిందేమో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, తేడా దొరికేదాకా పాత అంకెలు దిద్దకూడదు. దిద్దుతూ వెతికినవాడు తెల్లారేదాకా శాఖలోనే ఉంటాడు.

తమ్ముడి దగ్గర కూలి లెక్కలు రాసే పొడుగు పుస్తకం ఒకటి తీసుకుని గీతలు కొట్టాను. సమయం, ఏం వినిపించింది, కంట్రోలరు దీపాలు ఎలా ఉన్నాయి, ఏమేం తగిలించి ఉన్నాయి, ఏం మార్చాం. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చింది రాయాలి. పోరడు ఏదో గొణిగాడు గాని కలం తీసుకున్నాడు. వాడు రాసేది మరాఠీలో. తెలుగు మాట్లాడతాడు గాని రాయలేడు. నేను రాసింది తెలుగులో. ఇప్పుడు ఆ పుస్తకం తిరగేస్తే సగం గీత కింద వేలాడే అక్షరాలు, సగం గుండ్రటివి.

మొదటి రాత్రి భోజనాలయ్యాక, మగ్గాలు ఆగాక, కార్ఖానాలోనే బల్ల వేసి చిన్న స్పీకరు పెట్టి పాటలు మొదలుపెట్టాం. గంట గడిచింది, గంటన్నర గడిచింది. పాట ఒక్కసారి కూడా ఆగలేదు. ఆస్పత్రికి వెళ్లేసరికి పంటినొప్పి తగ్గినట్టు. పోరడికి ఏడుపొక్కటే తక్కువ.

అంతసేపూ గుమ్మంలో బీడీ కాలుస్తూ కూర్చున్న తమ్ముడు అప్పుడన్నాడు. "పెండ్లిల ఎట్ల పెట్టినవో అట్లనే పెట్టురా. ఈడ ఒక్క డబ్బనే ఉన్నది. ఆడ ఇంకేమేమో ఉండె."

నాకు తట్టని మాట అది. పెళ్లిలో ఉన్నవన్నీ తెమ్మన్నాం. వచ్చాయి. పాటలన్నీ నిలవచేసిన జేబు హార్డ్ డిస్కు. మీటలు కనబడడానికి వంకర మెడ దీపం. వాడి ఫోను, చార్జింగు కోసం. ఈ మూడూ, కంట్రోలరూ, నాలుగూ కలిపి ఒక చిన్న నాలుగు రంధ్రాల హబ్బులోకి. ఆ హబ్బు నుంచి ఒకే తీగ ల్యాప్‌టాపులోకి. అలా తగిలించి మళ్లీ మొదలుపెట్టాం.

పద్నాలుగు నిమిషాలకు పాట ఆగింది. పుస్తకంలో ఉంది, 11.52కు. కంట్రోలరు మీద రంగురంగుల దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయి, రెండు క్షణాల తరవాత ఒక్కొక్కటే వెలిగాయి. పోరడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. రోగం కనబడ్డందుకు మేం ముగ్గురం అంత సంతోషించడం చూసి మరదలు తలుపు దగ్గర నుంచే నవ్వి వెళ్లిపోయింది.

తమ్ముడు మాత్రం నవ్వలేదు. "పాట ఆగేటందుకు ముందు ఆ డబ్బీ టక్కుమన్నది" అన్నాడు, హార్డ్ డిస్కును చూపించి.

మేమిద్దరం వినలేదు. వాడు విన్నాడు. మా నాయనకూ ఆ చెవే ఉండేది. మధ్యాహ్నం మంచం మీద కళ్లు మూసుకుని పడుకునే, నాలుగో మగ్గంలో పడుగు తెగింది చూడు అనేవాడు. వెళ్లి చూస్తే తెగి ఉండేది. ఆ విద్య నాకు రాలేదు. నాకు వచ్చిన విద్యకు ఫ్యానూ పింఛనూ ఉన్నాయి.

మళ్లీ పెట్టాం. ఈసారి ముగ్గురం చెవులొగ్గి విన్నాం. కొంతసేపు అడిగేవాళ్లు లేకపోతే ఆ డిస్కు తిరగడం ఆపి నిద్రపోతుంది. కొత్త పాట కోసం అడగగానే మోటారు మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. టక్. వెంటనే కంట్రోలరు దీపాలు పోయాయి. మగ్గం మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుందనీ, ఆ క్షణంలో ఇంట్లో బల్బు ఒకసారి మసకబారుతుందనీ మా గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అరచేతిలో పట్టే డిస్కుకు కూడా మోటారు ఉందనీ, అది కూడా అదే పని చేస్తుందనీ మాకు తట్టలేదు.

అప్పుడు అద్దాలు పెట్టుకుని ఒక్కో వస్తువు వెనక రాసింది చదివాను. ల్యాప్‌టాపులో యూఎస్‌బీ రంధ్రం తీగలో సమాచారంతోపాటు 5 వోల్టుల కరెంటు కూడా ఇస్తుంది. దానికి హద్దు ఉంది. 2000 నాటి రెండో తరం యూఎస్‌బీ రంధ్రమైతే 500 మిల్లీ ఆంపియర్లు, 2008 తరవాతి మూడో తరమైతే 900. లోపల నీలం నాలుక ఉంటే సాధారణంగా అది మూడో తరానిదని గుర్తు. మాది నీలమే. అంటే ఖాతాలో జమ 900. ఇక ఖర్చు వైపు చూస్తే, కంట్రోలరు 500, డిస్కు 900, ఫోను కనీసం 500, దీపం 200. మొత్తం 2100. తొమ్మిది వందలున్న ఖాతా మీద ఇరవైయొక్క వందల చెక్కులు రాసి, చెల్లలేదేమని ఖాతాను తిట్టినట్టుంది మా వ్యవహారం.

మరి రోజంతా ఎందుకు ఆగలేదు, అప్పుడప్పుడే ఎందుకు ఆగింది? ఇది నాకు బాగా అర్థమైన సంగతి, ఎందుకంటే నేను పనిచేసే బ్యాంకు నడిచేదే దాని మీద. డిపాజిటుదార్లందరూ ఒకేరోజు వచ్చి మొత్తం సొమ్ము అడగరు. వెనక రాసి ఉన్నవి అత్యధిక అంకెలు, మామూలుగా అంత తాగవు. డిస్కు నిద్రపోతుంటే, ఫోను నిండి ఉంటే అంతా సవ్యంగా నడుస్తుంది. డిస్కు లేచిన క్షణమూ, ఫోను ఆకలిమీదున్న క్షణమూ కలిసిన రోజున వోల్టేజీ పడిపోతుంది, కంట్రోలరు స్పృహ తప్పుతుంది. పాటను శబ్దంగా మార్చే సౌండ్ కార్డు కంట్రోలరు లోపలే ఉంది కాబట్టి, అది పడిపోతే స్పీకర్లకు వెళ్లేది ఏమీ ఉండదు. ల్యాప్‌టాపు ఏ పాపమూ ఎరగదు.

మందు సులువే. కంట్రోలరు తీగ నేరుగా ల్యాప్‌టాపులోకి, మధ్యలో ఎవరూ లేకుండా. తీగ కూడా దానితో వచ్చిన పొట్టి, లావు తీగే, ఎందుకంటే సన్నని పొడుగు తీగలో దారిలోనే కొంత వోల్టేజీ ఖర్చయిపోతుంది. పెళ్లిలో వేయబోయే పాటలన్నీ ల్యాప్‌టాపులోకే కాపీ చేయాలి. ఫోను గోడకు. డిస్కూ దీపమూ తప్పదనుకుంటే సొంత అడాప్టరున్న హబ్బులో. అలాంటి హబ్బు మర్నాడు కొన్నాం. అరవై వేలు అడిగిన రోగానికి వెయ్యిన్నర లోపల వైద్యం.

ఇంతటితో అయిపోయిందనుకుని రెండో రాత్రి నేను పుణే టికెట్టు కూడా చూసుకున్నాను. అది నా తొందరపాటు. పాట ఇప్పుడు ఆగడం లేదు. కాని పది పదిహేను నిమిషాలకొకసారి నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటమంటోంది. దీపాలు మాత్రం నిశ్చలంగా వెలుగుతున్నాయి.

పోరడు నీరుగారిపోయాడు. "అయితలేదు పెద్దనాయినా" అన్నాడు.

పుస్తకం ముందుకు జరిపాను. నిన్నటిదాకా ఉన్నది ఒక తప్పు కాదు, రెండు. పెద్దది చిన్నదాన్ని కప్పేసింది. దీపాలు ఆరి పాట ఆగితే అది కరెంటు లోపం. దీపాలు వెలుగుతూనే పాట చిటపటమంటే కరెంటు అందుతోంది, పాటే సమయానికి అందడం లేదు. ఈ తేడా తెలియక రెంటికీ ఒకే పేరు పెట్టి, 'కట్ అయితుంది' అని ఊరంతా అడిగితే ఎవరి మందు వాళ్లు చెప్పారు.

సమయానికి అందడం అంటే ఏమిటో తమ్ముడికి చెప్పవలసి వచ్చింది. చెప్పబోతే నాకే స్పష్టంగా లేదని తేలింది. పోరడూ నేనూ చదువుకుని, చివరికి వాడి తండ్రి భాషలోనే చెప్పాం. పాట కంప్యూటరులో అంకెల రూపంలో ఉంటుంది, సెకనుకు 44,100 అంకెలు. వాటిని ఒక్కొక్కటిగా కాక మూటలు కట్టి పంపుతుంది. ఆ మూటను బఫర్ అంటారు. అది నాడెలో కండె లాంటిది. కండె మీద నూలు అయిపోయేలోపల కొత్త కండె పడాలి. మనిషి ఇంకో పనిమీద అటు తిరిగాడా, పేక లేకుండా నాడె ఖాళీగా పోతుంది, బట్టలో గీత పడుతుంది. చిటపట ఆ గీత. పైగా ఫైలు కాపీ చేసేటప్పుడు ఒక ముక్క చెడిపోతే మళ్లీ పంపించుకుంటారు గాని, యూఎస్‌బీలో పాటకు ఆ వెసులుబాటు లేదు. పోయిన ముక్క పోయినట్టే, ఎందుకంటే మళ్లీ పంపేసరికి దాని వేళ దాటిపోతుంది.

"అయితే పెద్ద కండె పెట్టురి" అన్నాడు తమ్ముడు, ఇందులో ఇంత చర్చ ఏముందన్నట్టు.

పెట్టవచ్చు. 256 అంకెల కండె దాదాపు 6 మిల్లీ సెకన్లలో అయిపోతుంది. 512 అయితే 11 పైచిలుకు, 1024 అయితే 23. అయితే కండె పెరిగేకొద్దీ వాడి వేలు మీట నొక్కడానికీ, స్పీకరులో వినబడడానికీ మధ్య ఎడం పెరుగుతుంది. తాళం కలపడమే వాడి పని. మరీ పెద్దదైతే చేయి ఒకచోట, చెవి ఒకచోట. ఎవరో చెప్పారని వాడు దాన్ని 128కి దించి ఉంచాడు. 512 దగ్గర వాడి చేతికీ సమ్మతమైంది, చిటపటా చాలామటుకు తగ్గింది.

చాలామటుకే. మిగిలింది కనిపెట్టడానికి రెండో రాత్రి మొత్తం పట్టింది, సెలవు ఇంకొక రోజు పొడిగించాల్సి వచ్చింది. కండె మార్చే మనిషి దేనికోసం అటు తిరుగుతున్నాడో చూడాలి. లేటెన్సీమాన్ అని ఒక ఉచితంగా దొరికే ప్రోగ్రాము ఉంది. ఏ డ్రైవరు కంప్యూటరును ఎంతసేపు పట్టి ఉంచుతోందో అది చూపిస్తుంది. మా కేసులో వైఫై. చుట్టుపక్కల ఏ నెట్‌వర్కులున్నాయో అని అది మాటిమాటికీ వెతుకుతోంది. పెళ్లి పందిట్లో వైఫైతో పనేమిటి? ఆపేశాం. బ్లూటూత్ కూడా ఆపేశాం. రాత్రి తొమ్మిదింటికి వైరస్ తనిఖీ మొదలయ్యేట్టు ఉన్న ఏర్పాటును తెల్లవారుజాముకు మార్చాం.

చివరగా దొరికిన దొంగ పేరు వింటే మా శాఖ సిబ్బంది నన్ను ఆటపట్టిస్తారు. పొదుపు. విండోస్‌లో పవర్ సెట్టింగుల లోపల యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఒక అంశం ఉంటుంది. పని తక్కువగా కనిపించిన యూఎస్‌బీ పరికరాన్ని కరెంటు ఆదా కోసం అది నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజరులో యూఎస్‌బీ రూట్ హబ్ మీద నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో చూస్తే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని కంప్యూటరు ఆపివేయవచ్చు అనే గడిలో టిక్కు కూడా పెట్టి ఉంటుంది. కొన్ని కొత్త యంత్రాల్లో ఆ పేజీ కనబడదు, అప్పుడు మొదటిదాన్నే మార్చుకోవాలి. చార్జరు తీసేస్తే ప్రాసెసరు కూడా పొదుపులోకి దిగి నెమ్మదిస్తుంది. ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి పొదుపు చేయండి పొదుపు చేయండి అని చెప్పినవాణ్ణి, నా చేత్తోనే ఒక్కొక్క పొదుపు టిక్కూ తీసేసి, అత్యధిక సామర్థ్యం అనే పద్ధతికి మార్చాను.

ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది. చార్జరు ప్లగ్గుకు మూడు కాళ్లుండాల్సింది, రెండే కనిపించాయి. ఎర్తు పిన్ను కోసేసి ఉంది. ఇదేమిట్రా అంటే, చార్జరు పెడితే స్పీకర్లలో గుయ్యిమని వస్తోందనీ, పిన్ను తీస్తే పోతుందని ఒకాయన చెప్పాడనీ అన్నాడు. పోతుంది, నిజమే. కాని ఎర్తు ఉన్నది చప్పుడు కోసం కాదు, ప్రాణం కోసం. లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే భూమిలోకి పోయే దారి అది. తడి నేలమీద, జనరేటరు పక్కన, ఇనప స్టాండు పట్టుకుని నిలబడే కుర్రాడు వీడు. నేను వాడి మీద నిజంగా కోప్పడింది ఆ మూడు రోజుల్లో అప్పుడొక్కసారే. ఆ చార్జరు అవతల పారేయించి, మూడు కాళ్లది కొనిపించాను. గుయ్యిమనే చప్పుడుకు వేరే మందుంది. కంట్రోలరుకూ ఆంప్లిఫయరుకూ మధ్య ట్రాన్స్‌ఫార్మరున్న ఐసొలేటరు డబ్బా పెడితే పాట దాటుతుంది, చప్పుడు దాటదు. అన్నీ ఒకే ప్లగ్గుల పలక నుంచి తీసుకున్నా చాలామటుకు తగ్గుతుంది.

పెళ్లికి నేను మళ్లీ వచ్చాను. మా గల్లీ పెళ్లి కాబట్టి పిలుపు ఎలాగూ ఉంది గాని, పుణేలో అందరికీ దగ్గరి బంధువుల పెళ్లి అని చెప్పాను. వెళ్లి ఎక్కడ కూర్చున్నాననుకున్నారు? భోజనాల వరసలో కాదు, పోరడి బల్ల వెనక, పొడుగు పుస్తకం ఒళ్లో పెట్టుకుని. తమ్ముడు పక్కన నిలబడి ఉన్నాడు. వాడు పెళ్లికొడుకును చూడలేదు, పెళ్లికూతురును చూడలేదు. కంట్రోలరు దీపాల్నే చూస్తున్నాడు.

మొదటి గంట మరాఠీ పాటలు, తరవాత హిందీ. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు గోల చేస్తే తెలుగు మొదలైంది. ముసలమ్మలు కూడా లేచారు. మా వాడికి ఎవరు ఏ పాటకు లేస్తారో ముందే తెలుసని నేను అప్పుడే గమనించాను. ఎవరి కాళ్లు అలిసిపోతున్నాయో చూసి వేగం తగ్గిస్తున్నాడు, ఒక మూలన కుర్రాళ్లు ముఖం మాడ్చుకుంటే వాళ్లకోసం ఒకటి వేస్తున్నాడు. కౌంటరులో పదేళ్లు కూర్చున్నాక నాకు వచ్చిన నేర్పు అది.

తొమ్మిదింబావుకు కరెంటు పోయింది. కార్యాలయం అంతా చీకటి. స్పీకర్లు మూగబోయాయి. తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు, వేళ్లు దిగేలా. కాని ఆ చీకట్లో కంట్రోలరు దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ల్యాప్‌టాపు బ్యాటరీ మీద నడుస్తోంది, కంట్రోలరు దానిదగ్గరే కరెంటు తీసుకుంటోంది. అడాప్టరు హబ్బు మీద ఉంచి ఉంటే అదీ ఆరిపోయేదే. పోరడు ధ్వని మీటను సున్నాకు దించి, పాటను మొదటికి తెచ్చి ఆగాడు. జనరేటరు లేచింది, ఆంప్లిఫయరు స్థిరపడింది, మీట మెల్లగా పైకి వచ్చింది. జనం ఈలలు వేశారు. కావాలనే చేశాడనుకున్నారు. పుస్తకంలో 9.17 అని రాసి పక్కన 'మా తప్పు కాదు' అని రాశాను.

కాసేపటికి పెళ్లివారి తరఫు పెద్దమనిషి ఒకాయన ఫోను పట్టుకుని వచ్చాడు. చార్జింగు అయిపోయింది, ఒక్క పది నిమిషాలు ఈ కంప్యూటరుకు తగిలించుకుంటానని తీగ చాపాడు. పోరడు మర్యాదకు కాదనలేక నావంక చూశాడు. నేను నోరు తెరిచేలోపల తమ్ముడు ఆ ఫోను రెండు చేతులతో అందుకుని, "మీది పెద్ద ఫోను మామా, దానికి ఈ కరెంటు సాలది" అని ఎంతో గౌరవంగా తీసుకెళ్లి వంటశాలలో గోడకు పెట్టి, అది నిండేదాకా అక్కడే కాపలా నిలబడ్డాడు.

పదింటికి పాట ఆపేశాడు. ఆ వేళ దాటాక ఆరుబయట స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని కుర్రాళ్లు బతిమాలారు. వాడు వినలేదు. ఆ ఒక్క విషయంలో నేనేమీ చెప్పాల్సిన పని రాలేదు. లేకపోయినా ఆ స్పీకర్ల పక్కన మూడు గంటలు కూర్చున్న నా చెవులు మర్నాటి మధ్యాహ్నం దాకా తేరుకోలేదు. వాడికి చెవుల్లో పెట్టుకునే బిరడాలు కొనిచ్చి వచ్చాను.

మిగతా సొమ్ము అక్కడికక్కడే చేతిలో పెట్టారు. ఇంకో రెండు పెళ్లిళ్లకు మాట కూడా అడిగారు. ఇంటికి నడిచి వస్తుంటే మా గల్లీలో ఎవరిదో రాత్రి పాళీ నడుస్తోంది. తమ్ముడు ఒకచోట ఆగి, తల వంచి విన్నాడు. "మూడోది తెగింది" అని, ఆ కార్ఖానా తలుపు తట్టి చెప్పి వచ్చాడు.

మొన్న పోరడు ఫోన్ చేశాడు. సొంతంగా స్పీకర్లు కొనాలనుకుంటున్నాడట, అద్దెకే సగం పోతోందట. ఎన్ని పెళ్లిళ్లు చేశాడో, అద్దె ఎంత, మిగిలింది ఎంత అన్నీ ఆ పొడుగు పుస్తకంలోనే వెనకవైపు నుంచి రాస్తున్నాడట. మరాఠీలోనే. "జామీను..." అని ఆగాడు.

కాగితాలతోపాటు ఆ పుస్తకం కూడా తెమ్మన్నాను.